డబ్బీలో తెల్ల వెంట్రుకలు

దుప్పి తప్పిపోయిన రోజు హాల్వర్ బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వచ్చాడు. ముప్ఫై ఆరేళ్ల కాపురంలో ఆయన అలా రావడం అదే మొదటిసారి. గడప దగ్గర్నుంచి బల్ల దాకా చిత్తడినేల బురద అచ్చులు పడ్డాయి. భార్య మైలిస్ ఆ అచ్చులకేసి చూసింది. బడిపిల్లల లెక్కల పుస్తకాలు దిద్దుతున్న పెన్ను పక్కన పెట్టి, కాఫీకి నీళ్లు పొయ్యి మీద పెట్టింది.

"తగిలింది," అన్నాడు హాల్వర్. "తగిలిన చప్పుడు నా చెవులతో విన్నాను. ఒక్కసారి ముందుకు తూలింది. తర్వాత ఏమీ జరగనట్టు నడుచుకుంటూ పోయింది."

"ఎటు పోయింది?"

"తెలిస్తే ఇక్కడెందుకు కూర్చుంటాను?"

అది సెప్టెంబరు రెండో మంగళవారం. ఉత్తరాది మంచుసీమలోని గ్రోమీర ఊళ్లో మూస్ దుప్పుల వేట మొదలై తొమ్మిదో రోజు. కొంగల మడుగు పక్కన హాల్వర్ మాటు ముందుకు గుర్రం కంటే ఎత్తయిన పోతు వచ్చింది. ఆయన కాల్చాడు. అది పోయింది. అంతే జరిగింది.

గాయపడ్డదాన్ని వదిలేసి ఇంకోదాని మీద గురిపెట్టే అలవాటు ఆ జట్టుకు లేదు. తొమ్మిదిమందీ తుపాకులు దించి రెండు రోజులు వెతికారు. ముందు ఆల్గొత్, ఆయన చేతి తాడుకు రాపా అనే బూడిదరంగు కుక్క. డెబ్బై తొమ్మిదేళ్ల ఆల్గొత్ ఊళ్లో అందరికంటే పాత వేటగాడు. జాడ పట్టడంలో ఆయన మాటకు ఎదురులేదు. నెత్తురు బొట్లు అక్కడొకటి ఇక్కడొకటిగా ఏటి ఒడ్డు దాకా సాగి ఆగిపోయాయి.

మూడోరోజు ఆల్గొత్ ఇంటికి వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడే చెప్పాడు. "నువ్వు కాల్చిన చోట అంగుళం అంగుళం చూశాను. వెంట్రుక ఒక్కటి దొరకలేదు. ఆరున్నర కదా, చిన్న బెజ్జం పడుతుంది. కొవ్వు మూసేసి ఉంటుంది. నెత్తురు లోపలే ఆగిపోయింది. నీ గురిది తప్పు కాదు హాల్వర్, తూటా సైజుది."

హాల్వర్ ఆ మాటను మందు మింగినట్టు మింగాడు.

ఆరున్నర అంటే ఆరున్నర మిల్లీమీటర్ల తూటా వాడే తుపాకి. అది హాల్వర్ తండ్రిది. నలభై ఏళ్లు హాల్వర్ దానితోనే వేటాడాడు. అక్టోబరులో మాత్రం పట్నం వెళ్లి తొమ్మిది పాయింటు మూడు మిల్లీమీటర్లది ఒకటి తెచ్చాడు. ఊళ్లో దాన్ని తొమ్మిది అనే పిలుస్తారు. ఇది తగిలితే దుప్పి నిలబడ్డ చోటే కూలుతుందన్నాడు. ప్రతి ఆదివారం దాన్ని బల్లమీద పరిచి, తుడిచి, నూనె పూసేవాడు. వచ్చే సెప్టెంబరు గురించి మాట్లాడేవాడు. ఆ తుపాకి వచ్చాక ఆయనకు మళ్లీ నిద్ర పట్టింది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం మెట్ల ముందు మంచు తీస్తూ పడిపోయాడు. మైలిస్ వెళ్లేసరికి పార మంచులో నిటారుగా గుచ్చుకుని ఉంది. గుండె ఆగిందన్నారు. ఆ కొత్త తొమ్మిదితో ఆయన ఒక్క తూటా కూడా కాల్చలేదు.

మైలిస్ పదిరోజులు సెలవు పెట్టి, పదకొండో రోజు బడికి వెళ్లింది. పిల్లలు ఎప్పుడూ లేనంత నిశ్శబ్దంగా కూర్చున్నారు. ఆమె అటెండెన్సు పిలిచి, నల్లబల్ల మీద తేదీ రాసింది.

మే నెలాఖరులో స్టెల్లన్ వచ్చాడు. వేట జట్టుకు పెద్ద అతనే. అడవిలో చెట్లు నరికే ఇరవై టన్నుల యంత్రాన్ని ఒంటిచేత్తో తిప్పుతాడు. కాని మైలిస్ ఎదురుపడితే జేబుల్లోంచి చేతులు తీసేస్తాడు. ఆమె దగ్గర నాలుగేళ్లు చదువుకున్నాడు మరి.

"టీచర్, మడుగు దగ్గర మాటు మీదే. భూమి మీది, వాటా మీది. ఈసారి మీరు కూర్చుంటారా, ఇంకొకర్ని కూర్చోబెట్టమంటారా?"

"నేనే కూర్చుంటాను."

"తోడు ఎవరైనా..."

"కూర్చుంటాను అన్నాను కదా స్టెల్లన్."

"సరే టీచర్." అతను మడతపెట్టిన దరఖాస్తు కాగితం తీసి ఆమెకిచ్చాడు. "ఏ తుపాకితో? జూన్‌లో వచ్చే నడివేసవి పండగలోపు మీ పేరున కాగితం పంపితేనే వేటనాటికి లైసెన్సు చేతికొస్తుంది. అందులో ఏ తుపాకో, ఎందుకో రాయాలి."

మైలిస్ వేట పరీక్ష పాసై పదకొండేళ్లయింది. హాల్వర్ పోరు పడలేక రాసింది. పక్షుల్ని తప్ప దేన్నీ కాల్చలేదు. మాటులో ఆయన పక్కన కూర్చుని, ఫ్లాస్కులో కాఫీ వంచి ఇవ్వడమే ఆమె వేట. అయినా ఏ తుపాకి అన్న ప్రశ్నకు ఆమె ఆలోచించలేదు.

"తొమ్మిది," అంది.

హాల్వర్ తొందరపడి ఏదీ కొనే మనిషి కాదు. వంటింటి కుళాయి మార్చడానికి మూడు నెలలు ఆలోచించాడు. అలాంటివాడు తండ్రి తుపాకిని పక్కనబెట్టి తొమ్మిది తెచ్చాడంటే కారణం లేకుండా తేలేదు. అది ఆయన ఆఖరి నిర్ణయం. దాన్ని కాదనడానికి తానెవరు అనుకుంది. ఇంకో సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. గాయంతో దుప్పిని పోగొట్టుకుని హాల్వర్ ఎలా కూర్చున్నాడో ఆమె చూసింది. ఆయన మాటులోంచి ఇంకో దుప్పి గాయంతో పోకూడదు. అలా పోతే ఆ చోటికి తాను మళ్లీ వెళ్లలేనని ఆమెకు తెలుసు.

జూన్ మొదటి గురువారం అందరూ కాల్పుల మైదానంలో కలిశారు. ఎనభై మీటర్ల దూరంలో పట్టాల మీద అట్టతో చేసిన దుప్పి నిలబడి ఉంది. తాడు లాగితే అది పరుగెడుతుంది. బల్ల దగ్గర ఆల్గొత్, స్టెల్లన్, బిర్యెర్ కాఫీ తాగుతున్నారు. కప్పులో జున్ను ముక్కలు వేసుకుని, కాఫీ అయ్యాక వాటిని చెంచాతో తీసుకు తినడం అక్కడి అలవాటు.

బిర్యెర్ కూడా మైలిస్ దగ్గర చదువుకున్నవాడే. అప్పట్లో జవాబు తెలియకపోయినా చెయ్యి ముందు ఎత్తేవాడు. ఇప్పటికీ అంతే.

"శభాష్ టీచర్! తొమ్మిదే కరెక్టు," అన్నాడు. "ఆరున్నరతో కొట్టడమంటే దుప్పిని అడ్రసు అడిగి పంపించడమే. నేనూ మొన్న శీతాకాలంలో మార్చేశాను."

"మార్చాక ఎన్ని తగిలాయి?" అన్నాడు ఆల్గొత్.

"వేట మొదలైతే కదా తగలడానికి!"

"అట్టముక్క సంగతి అడుగుతున్నానయ్యా."

"గాలి ఎక్కువగా ఉంది."

"అట్టకేం గాలి? అది కదలనైనా కదలలేదు. నీ భుజం మీద తుపాకి తన్నిన కమిలిక నీలంగా ఉందో పచ్చగా ఉందో చెబితే ఎన్ని రోజులయిందో నేను చెబుతాను."

స్టెల్లన్ నవ్వాడు. బిర్యెర్ చొక్కా కాలరు సర్దుకున్నాడు.

మైలిస్ తుపాకి భుజానికి ఆనించింది. మొదటి దెబ్బకు అది ఎంత గట్టిగా తన్నిందంటే చప్పుడు తగలకుండా చెవుల మీద పెట్టుకున్న కప్పులు కిందికి జారాయి. అట్ట దుప్పికి ఏమీ కాలేదు. రెండోది వెనకాల మట్టిదిబ్బలో దిగింది. మూడోది తోకకు తగిలిందని స్టెల్లన్ దూరదర్శినిలోంచి చూసి చెప్పాడు.

"దుప్పికి తోక ఉన్నట్టే ఉండదు కదా," అంది మైలిస్.

"అందుకే గొప్ప గురి టీచర్."

"ఇలా తే," అన్నాడు ఆల్గొత్. తుపాకి తీసుకుని, అటు తిరిగి తూటా పెట్టి, మళ్లీ ఆమె చేతికిచ్చాడు. ఆమె ఊపిరి బిగపట్టి మీట నొక్కింది. టక్ మని చిన్న శబ్దం. తుపాకి పేలలేదు. కాని ఆమె భుజం వెనక్కి ఎగిరింది, కళ్లు మూసుకుపోయాయి, గొట్టం చివర ఆకాశం వైపు లేచింది.

"అందులో పెట్టింది ఉత్తి తూటా. మందు లేదు," అన్నాడు ఆల్గొత్. "చూశావా అమ్మాయ్, అది పేలకముందే నువ్వు దెబ్బ తిన్నావు. ముందే కళ్లు మూసుకునేవాళ్ల చేతిలో ఏ సైజు తూటా అయినా ఒకటే."

"అలవాటవుతుందిలే," అన్నాడు బిర్యెర్.

"అలవాటు చేసుకుంటాను," అంది మైలిస్. ఆమె గొంతు మారలేదు. కాని చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. మరో రెండు గురువారాలు వచ్చి తొమ్మిదితోనే కాల్చింది. భుజం నల్లబడింది. తూటాలు మట్టిదిబ్బలోకే పోయాయి. బడికి సెలవులిచ్చేదాకా ఎడంచేత్తో నల్లబల్ల తుడిచింది.

నడివేసవి పండగకు మూడు రోజుల ముందు ఆమె కట్టెలు పేరుస్తుంటే ఆల్గొత్ వచ్చాడు. ఈసారీ టోపీ చేతిలోనే ఉంది. కాగితం ఇంకా పంపలేదు కదా అని అడిగి, కోటు లోపలి జేబులోంచి పాత పొగాకు డబ్బీ తీసి కట్టెల మీద పెట్టాడు.

"నాకు పొగాకు అలవాటు లేదని మీకు తెలుసు," అంది మైలిస్.

"మూత తీసి చూడు."

లోపల చిన్న కాగితం మడత ఉంది. మడతలో పది పన్నెండు వెంట్రుకలు, పొట్టివి, తెల్లనివి.

"దుప్పి ఒంటిమీద తెల్ల వెంట్రుకలు ఎక్కడుంటాయి?" అన్నాడు ఆల్గొత్. పరీక్ష పెట్టినట్టు కాదు. తాను చెప్పలేక ఆమెచేత చెప్పించుకోవాలనుకున్నట్టు అడిగాడు.

మైలిస్ వాటిని చూస్తూ నిలబడింది. "కాళ్లకి."

"కాళ్లకే. ఛాతీకి తగిలితే ముదురు గోధుమరంగువి రాలతాయి, పొడుగ్గా. ఆ రోజు మడుగు దగ్గర నాకు దొరికినవి ఇవి. వెంట్రుక ఒక్కటి దొరకలేదని చెప్పానే, అది అబద్ధం. తూటా ముంగాలికి తగిలింది, కిందుగా. నలభై మీటర్ల దూరం, దుప్పి పక్కకు తిరిగి నిలబడి ఉంది. హాల్వర్ అలాంటిదాన్ని కాలికి కొట్టడమా? ముందటి ఏడాదిలో అయితే కళ్లు మూసుకుని కొట్టేవాడు."

"మరెందుకు..."

"హాల్వర్ చెయ్యి వణికేదమ్మాయ్. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకునేవాడు. నువ్వు చూడలేదూ?"

చూసింది. చలికనుకుంది. వేళ్లు వెచ్చబెట్టుకుంటున్నాడనుకుంది.

"తొమ్మిది కొంటాడని నేననుకోలేదు," అన్నాడు ఆల్గొత్. "ఆరున్నర మీద నింద వేస్తే అదేమీ అనదు కదా అనుకున్నాను. నిజం చెబితే ఆ మర్నాడే తుపాకి వదిలేసేవాడు. ఆ చలికాలమంతా ఏం చేసేవాడో నువ్వే చెప్పు. ఇప్పుడు నా అబద్ధాన్ని నమ్మి నువ్వు భుజం విరగ్గొట్టుకుంటున్నావు. మూడు గురువారాల నుంచీ చూస్తున్నాను. ఇక ఊరుకోవడం నావల్ల కాలేదు."

"ఆ దుప్పి ఏమైంది?"

"మార్చిలో ఏటి అవతల ఊరివాళ్లు ఒక కుంటి పోతును చూశారట. మేస్తోందట. అదే ఇది అని నేను ప్రమాణం చెయ్యను."

మైలిస్ కట్టెల దొంతి మీద కూర్చుంది. ముప్ఫై మూడేళ్లుగా ఆమె పిల్లలకు చెబుతూ వచ్చింది ఒక్కటే. తప్పు చేస్తే చేశానని చెప్పండి, నెపం ఇంకొకరి మీదికి నెట్టకండి. ఆల్గొత్ మీద కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. ఆదివారాలు గుర్తొచ్చాయి. బల్లమీద పాతగుడ్డ, తుపాకి నూనె వాసన, హాల్వర్ ముక్కులోంచి సన్నగా తీసే రాగం. వచ్చే సెప్టెంబరులో చూద్దువుగాని అంటూ ఆమెకేసి తిప్పిన ముఖం. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఆ ముఖం ఆమెకు దక్కింది ఈ డబ్బీ వల్ల.

"ఆ ఐదు నెలలూ ఆయన బాగా నిద్రపోయారు," అంది చివరికి. "మీరు మంచిపని చేశారు ఆల్గొత్."

ముసలాయన ముఖం అటు తిప్పుకుని, కుక్క లేకపోయినా కుక్కను పిలిచినట్టు ఈలవేశాడు.

"ఒక్కటి అడగాలి," అంది మైలిస్. "ఇది బిర్యెర్‌కి తెలుసా?"

"తెలిస్తే నన్ను బతకనిస్తాడా? నేను చెప్పింది విని తాత నాటి ఆరున్నర అమ్మేసి తొమ్మిది కొన్నాడు. వాడొక్కడే కాదు, ఇంకో ఇద్దరు. పన్నెండు వెంట్రుకలు దాస్తే ఊళ్లో నాలుగు తుపాకులు మారిపోయాయి."

మైలిస్ నవ్వింది. ఫిబ్రవరి తర్వాత నోరు తెరిచి నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు ఆమెకే కొత్తగా వినిపించింది. తర్వాత లోపలికి వెళ్లి మొహం కడుక్కుని, కాగితంలో ఏ తుపాకి అన్నచోట ఆరున్నర అని రాసింది. ఎందుకు అన్నచోట దుప్పి వేటకు అని రాసింది. ఇంకా రాయాలనిపించింది కాని గీత అక్కడితో అయిపోయింది.

ఆ వేసవిలో ఒక్క గురువారం కూడా మానలేదు. ఆరున్నర తన్నదని కాదు, తన్నినా భుజాన్ని మెల్లగా తోస్తుందంతే. ఆమెకు కళ్లు తెరిచి ఉంచడం వచ్చింది. జూలైలో అట్ట దుప్పి మీద చిల్లులన్నీ ఒక అరచేయి కప్పేంత చోట పడ్డాయి. ఆగస్టులో అది పరుగెత్తుతున్నా పడ్డాయి. ఆల్గొత్ మధ్యమధ్య ఉత్తి తూటా పెట్టేవాడు. ఆమె భుజం కదిలేది కాదు. బిర్యెర్ మాత్రం తన తుపాకి దగ్గరకు ఆల్గొత్‌ను రానిచ్చేవాడు కాదు.

సెప్టెంబరు మొదటి సోమవారం ఉదయం మైలిస్ కొంగల మడుగు పక్కన కూర్చుంది. చిత్తడి మీద పొగమంచు నడుము ఎత్తున ఉంది. పక్కన బల్లచెక్క మీద హాల్వర్ కూర్చునే చోట ఫ్లాస్కు పెట్టింది. దూరంగా రాపా మొరిగింది, ఆగింది, మళ్లీ మొరిగింది. ఎనిమిదిన్నరకు రెండేళ్ల కుర్రపోతు ఒకటి కర్రల్లాంటి తెల్లటి కాళ్లతో పొగమంచులోంచి బయటికి వచ్చింది.

మొదట అది ఎదురుగా చూస్తూ నిలబడింది. ఆమె కాల్చలేదు. తర్వాత చెట్ల మధ్యకు జరిగింది. అప్పుడూ కాల్చలేదు. హాల్వర్ అయితే ఏమనేవాడో తెలుసు. తొందరేం లేదు, రైలేమన్నా పోతోందా అనేవాడు. దుప్పి నాలుగడుగులు వేసి మడుగు అంచున పక్కకు తిరిగింది. యాభై మీటర్లు. మీట నొక్కినప్పుడు ఆమె కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

అది పాతిక అడుగులు నడిచి, మోకాళ్లు మడిచి పడుకుంది. మళ్లీ లేవలేదు.

ఆల్గొత్ వచ్చాడు. దుప్పి దగ్గరకు పోలేదు. ముందు తూటా తగిలినప్పుడు అది నిలబడ్డ చోటికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని నాచు మీద వేళ్లతో వెతికాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని అరచేతిలో వెంట్రుకలు పెట్టాడు. పొడుగ్గా, ముదురు గోధుమరంగులో ఉన్నాయి.

"చూసుకో," అన్నాడు.

మైలిస్ చూసుకుంది. గుప్పిట మూసి, దుప్పి దగ్గరకు వెళ్లి, వెచ్చగా ఉన్న మెడ మీద చెయ్యి పెట్టి కొంతసేపు నిలబడింది. దానికి, అడవికి, ఇంకా ఇద్దరు ముగ్గురికి ఆమె మనసులో చెప్పుకోవలసింది చెప్పుకుంది.

ఆ వారంలోనే బిర్యెర్ రెండుసార్లు కాల్చాడు. రెండుసార్లూ గురి తప్పింది. రాపా ఎంత తిరిగినా నెత్తురు చుక్క దొరకలేదు కాబట్టి ఏ జంతువుకూ గాయం కాలేదని ఆల్గొత్ తేల్చాడు. ఈసారి నిజమేనా అని మైలిస్ ఆయన కళ్లలోకి చూసింది. నిజమే అన్నట్టు తలూపాడు.

మాంసం పంచే రోజు షెడ్డులో పొడుగాటి బల్లమీద తొమ్మిది కుప్పలు పెట్టారు. ఎవరు కొట్టినా అందరికీ సమానం. ఒకరు కుప్పలకు వీపు తిప్పి గోడకేసి నిలబడాలి. ఇంకొకరు ఒక్కో కుప్ప మీద చెయ్యి పెట్టి ఇదెవరిది అని అడగాలి. చూడకుండా ఎవరి పేరు చెబితే ఆ కుప్ప వాళ్లది. ఈసారి వీపు తిప్పి నిలబడమని స్టెల్లన్ మైలిస్‌ను పిలిచాడు.

"టీచర్ గోడకేసి నిలబడ్డం నేను చూస్తాననుకోలేదు," అన్నాడు బిర్యెర్. "నన్ను ఎన్నిసార్లు నిలబెట్టారో!"

"నీకు ఆ గోడ ఇంకా గుర్తుండాలి," అంది మైలిస్, వెనక్కి తిరగకుండా.

అందరూ నవ్వారు. బిర్యెర్ కుడిభుజం రుద్దుకుంటూ అన్నాడు. "ఒక్క సంగతి చెప్పండి టీచర్. నిరుడు హాల్వర్‌కు పనిచెయ్యని ఆరున్నర ఈ ఏడాది మీకెలా పనిచేసింది? అదృష్టమే కదా? నా తొమ్మిది చూడండి, అంత తూటా, అంత మందు. ఒక్కటీ తగల్లేదు. ఇంకా పెద్దది కొనాలేమో అనిపిస్తోంది."

మైలిస్ గోడ మీద మేకును చూస్తూ నిలబడింది. చెప్పాల్సింది ఏమిటో తెలుసు. చెప్పకపోతే వచ్చే ఏడాది ఇంకో పోతు కుంటుతూ పోవచ్చునని కూడా తెలుసు. చెబితే నలభై మీటర్లలో గురి తప్పినవాడు హాల్వర్ అవుతాడు, ఈ తొమ్మిది కుప్పల మధ్య, ఆయన నలభై ఏళ్లు నిలబడ్డ చోట. ఆమె నోరు తెరిచింది.

"ఇదెవరిది?" అన్నాడు ఆల్గొత్, కుప్ప మీద చెయ్యి పెట్టి.

"బిర్యెర్‌ది," అంది మైలిస్.

కుప్పలు అయిపోయాయి. అందరూ సంచుల్లో సర్దుకుని బయల్దేరారు. బిర్యెర్ ఆమె సంచి కారు దాకా మోసి, తలుపు తీసి, జాగ్రత్త టీచర్ అని చెప్పి వెళ్లాడు. ఇంటికి వచ్చి ఆమె గడప దగ్గర బూట్లు విప్పింది. పొగాకు డబ్బీ వంటింటి కిటికీలో ఉంది.

బిర్యెర్‌కు ఆ డబ్బీ సంగతి ఇంకా చెప్పలేదు.